పిన్ను మీద నల్ల గీతలు లెక్కపెట్టారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోల. మైకు కొన్నాం, కంప్యూటర్‌కి పెట్టాం, గొంతు రాలేదు. లేదా వచ్చింది గానీ వినేలా లేదు. కొందరైతే అప్పుడే రెండో మైకు కొనడానికి సిద్ధమైపోయారు. కాస్త ఆగండి. నేను చూసినంతలో మైకు పాడైపోయిన సందర్భాలు తక్కువ, తకరారు ఎక్కువగా మైకుకీ కంప్యూటర్‌కీ మధ్య ఉన్న ఆ వైరులోనో, దాని చివర పిన్నులోనో, లేకపోతే మనం కూర్చున్న గదిలోనో ఉంటుంది. అందుకే ఈ నెల మిగతావన్నీ పక్కనపెట్టి ఇవే తీసుకున్నాను.

ప్రశ్న: మా ఊరి భజన మండలి మైకు ఒకటి ఇంటికి తెచ్చి, దాని లావు పిన్నుకి చిన్న కన్వర్టర్ తగిలించి ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్ కన్నంలో పెట్టాను. మైకు ముందు నేను గొంతెత్తి పాడినా సరిగ్గా రావడం లేదు. ల్యాప్‌టాప్ పక్కన కూర్చుని మా ఆవిడ కూరగాయలవాడితో బేరమాడితే మాత్రం అక్షరం పొల్లుపోకుండా రికార్డయింది! ఇదేం చోద్యమండీ? (ఒక పాఠకుడు, తణుకు)

జవాబు: చోద్యమేమీ కాదు, మీ ల్యాప్‌టాప్‌కి ఆ మైకు ఉన్న సంగతే తెలియలేదు. స్క్రీన్ పైన కెమెరా పక్కన సూది బెజ్జమంత రంధ్రం ఉంటుంది చూడండి, అదీ ఒక మైకే, రికార్డు చేసింది అదే. అనుమానం ఉంటే రికార్డింగ్ మొదలుపెట్టి ముందు భజన మైకు జాలీ మీద గోటితో గీకండి, తర్వాత కెమెరా పక్కన గీకండి. దేనికి మీటరు ఎగిరితే పనిచేస్తున్నది అది.

ఇక ఎందుకు తెలియలేదంటే, ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి చాలావరకు ఒకటే కన్నం ఉంటుంది, హెడ్‌ఫోనూ మైకూ రెండూ అందులోనే. ఫోనుతో వాడే మైకున్న వైరు ఇయర్‌ఫోన్ ఇంట్లో ఏదైనా ఉంటే దాని పిన్ను వెలుతురులో పెట్టి చూడండి. మూడు నల్ల గీతలుంటాయి. అంటే లోహం నాలుగు ముక్కలు: కొనది ఎడమ చెవికి, రెండోది కుడి చెవికి, మూడోది గ్రౌండు (కరెంటు తిరిగి వెళ్ళే దారి), వైరుకి ఆనుకుని ఉన్న నాలుగోది మైకుకి. మీ మైకు వైరుకున్న లావు పిన్ను, మైక్‌సెట్ వాళ్ళు పి-38 అంటారు, దానికి ఒకటే గీత ఉంటుంది. కన్వర్టర్‌కి మహా అయితే రెండు. దాన్ని ఆ కన్నంలో దోపితే లోపల మైకు కాంటాక్టూ గ్రౌండు కాంటాక్టూ రెండూ ఒకే లోహం ముక్కకి తగిలి షార్ట్ అయిపోతాయి, ల్యాప్‌టాప్ 'ఓహో, ఎవరో హెడ్‌ఫోన్ పెట్టారు' అనుకుని తన సొంత మైకుతోనే పని కానిచ్చేస్తుంది.

దీనికి మందు రెండు రకాలు. ఒకవైపు మూడు గీతల పిన్ను, మరోవైపు మైకుకొకటి హెడ్‌ఫోనుకొకటి కన్నాలున్న వై ఆకారపు స్ప్లిటర్ తెచ్చుకోవచ్చు. లేదా యూఎస్‌బీలో పెట్టే చిన్న సౌండ్ కార్డు, అందులో మైకు కన్నం విడిగా ఉన్నది చూసి తీసుకోండి. డెస్క్‌టాప్ ఉన్నవాళ్ళకి ఈ బాధ లేదు, వెనకాల గులాబీ రంగు కన్నం మైకుది, ఆకుపచ్చది స్పీకర్లది, నీలంది లైన్-ఇన్, అంటే మిక్సర్ లాంటివి ఇచ్చే గట్టి సిగ్నల్‌ది. మైకుని నీలందాంట్లో పెట్టి రావడం లేదంటే రాదు మరి, దానికి మైకు ఇచ్చే సన్న సిగ్నల్‌ని పెద్దది చేసే శక్తి ఉండదు.

ఇంత చేశాక గొంతు వస్తుంది, కానీ పీలగా వస్తుంది. ముందే చెప్పడం మంచిది. మీది డైనమిక్ మైకు. లోపల అయస్కాంతం మధ్య సన్న తీగచుట్ట కదిలితే కరెంటు పుడుతుంది, బ్యాటరీ గీటరీ అక్కర్లేదు. దగ్గరగా గట్టిగా మాట్లాడినా పుట్టేది కొద్ది మిల్లీవోల్టులే. కంప్యూటర్ మైకు కన్నమేమో కాలర్ మైకు లాంటి చిన్న ఎలెక్ట్రెట్ మైకుల కోసం చేసింది, అవి ఇంతకన్నా గట్టి సిగ్నలిస్తాయి. సెట్టింగ్స్‌లో మైక్ బూస్ట్ 20, 30 డెసిబెల్స్ పెంచితే గొంతు పెరుగుతుంది, దాంతోపాటు 'స్స్' కూడా పెరుగుతుంది. బెత్తెడు దూరంలో, ఇంకా దగ్గరైనా సరే, నోటి దగ్గర పెట్టుకుని పాడండి, వేదిక మీద పాడినట్టే.

మండలికి మిక్సర్ ఉందా? ఉంటే అది అన్నిటికన్నా మేలు. మైకు మిక్సర్‌కి, మిక్సర్ లైన్-అవుట్ లేదా రెక్-అవుట్ డెస్క్‌టాప్ నీలం కన్నానికి. ఒక్కటే హెచ్చరిక: ఆంప్లిఫయర్ నుంచి స్పీకర్ బాక్సుకి పోయే వైరు మాత్రం పొరపాటున కూడా కంప్యూటర్‌కి పెట్టకండి. అది బాక్సు కోను కదిలించే కరెంటు, సౌండ్ కార్డు ఒక్క దెబ్బకి పోతుంది.

ప్రశ్న: పిల్లల కథలు చదివి రికార్డు చేద్దామని ఆన్‌లైన్‌లో కండెన్సర్ మైకు కిట్ కొన్నాను. స్టాండు, స్పాంజి తొడుగు అన్నీ వచ్చాయి. వైరుకి ఒకవైపు మూడు పిన్నుల తల, మరోవైపు సన్న పిన్ను. గొంతు నూతిలోంచి మాట్లాడినట్టుంది, వెనక ఒకటే గాలి చప్పుడు. ఫాంటమ్ పవర్ డబ్బా కూడా కొనమంటున్నారు. ఇంకా ఎంత తగలెయ్యాలి? (ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: అమ్మా, పైసా ఖర్చు లేని పని ముందు చేద్దాం. మీరు మైకు నెత్తి మీద మాట్లాడుతున్నారా, పక్కనా? పెళ్ళిళ్ళలో చూసిన చేతి మైకు అలవాటుతో అందరం కొసలోనే మాట్లాడతాం. మీ దగ్గరున్న లావు మైకుల్లో చాలావాటికి చెవి పక్కకి ఉంటుంది. గది దీపం ఆర్పి ఫోను టార్చి జాలీలోకి కొట్టండి, లోపల రూపాయి బిళ్ళలా గుండ్రటి పలక కనిపిస్తుంది. దాని ముఖం ఎటుందో మీ నోరు అటుండాలి, చాలామటుకు కంపెనీ గుర్తు వేసిన వైపే. నూతి గొంతు సగం అక్కడే పోతుంది.

మిగతా సగం కరెంటు సంగతి. అసలైన కండెన్సర్ మైకు తనంతట తాను పనిచేయదు, దానికి వైరులోంచే 48 వోల్టులు పంపాలి, దాన్నే ఫాంటమ్ పవర్ అంటారు. మూడు పిన్నుల్లో ఒకటోది గ్రౌండు, రెండు మూడు పిన్నుల మీద ఆ 48 సమానంగా వెళ్తుంది, ఆ రెంటి మీదే మీ గొంతు తిరిగొస్తుంది. ఒకదాని మీద ఉన్నదే ఇంకోదాని మీద తిరగబడి వస్తుంది, దార్లో దూరిన గుయ్యిమనే చప్పుడు మాత్రం రెంటి మీదా ఒకేలా ఉంటుంది కాబట్టి అవతల ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే చప్పుడు పోయి గొంతు మిగులుతుంది. కల్యాణ మండపంలో వేదిక నుంచి మిక్సర్ దాకా వందడుగుల వైరు లాగినా శబ్దం శుభ్రంగా ఉండేది అందుకే. మీ కిట్‌లో వచ్చిన వైరు ఒక చివర సన్న పిన్నుగా మారిపోయింది కదా, ఆ లాభం పోయింది, 48 బదులు ల్యాప్‌టాప్ ఇచ్చే రెండు మూడు వోల్టులే అందుతున్నాయి. కొన్ని చౌక మైకులు ఆ కాస్తతోనూ ఈడ్చుకొస్తాయి, కానీ అది ఈడ్చుకురావడమే.

ఫాంటమ్ పవర్ డబ్బా కొంటే 48 వస్తుంది, నిజమే. ఆ తర్వాత మళ్ళీ ల్యాప్‌టాప్ నాసిరకం మైకు కన్నంలోనే కదా దూరాలి! అందుకే నేనైతే ఆ డబ్బా కొనొద్దంటాను. ఆ డబ్బులకి ఇంకొంత కలిపి ఆడియో ఇంటర్‌ఫేస్ తీసుకోండి. ఫోకస్‌రైట్ స్కార్లెట్ సోలో, బెహ్రింగర్ యూఎమ్2 లాంటివి. మూడు పిన్నుల మైకు కన్నం, 48 వోల్టుల స్విచ్, గొంతుని పెద్దది చేసే ప్రీఆంప్, హెడ్‌ఫోన్ కన్నం అన్నీ అందులోనే ఉంటాయి, అటువైపు యూఎస్‌బీతో కంప్యూటర్‌కి వెళ్తుంది. అప్పుడు రెండువైపులా మూడు పిన్నులున్న వైరు విడిగా కొనాలి, అది మరిచిపోయి ఇంటికొచ్చాక నాలుక్కరుచుకునేవాళ్ళు బోలెడుమంది.

ఇంకా ఏమీ కొననివాళ్ళు, ఒక్క గొంతు కథ చెబితే చాలనుకునేవాళ్ళు ఈ గొడవంతా లేకుండా యూఎస్‌బీ మైకు తీసుకుంటే సరిపోతుంది. దాని పొట్టలోనే అన్నీ ఉంటాయి. రేపు వీణో మృదంగమో కూడా కలిపి రికార్డు చేయాలనుకుంటే మాత్రం ఇంటర్‌ఫేసే.

ఇంకొకటి. కండెన్సర్‌కి జానెడు దూరంలో కూర్చోండి, మైకుని నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకి జరపండి. మన భాషలో భ, ఫ, ఘ లాంటి ఒత్తు పలికేటప్పుడు గాలి బయటికి తన్నుకొస్తుంది. 'భీముడు' అన్న ప్రతిసారీ 'ధబ్' మంటుంటే కథ భీముడిది కాదు, మైకుది అయిపోతుంది. నోటి ముందు అరచెయ్యి పెట్టుకుని 'ప' అనండి, 'ఫ' అనండి, గాలి ఎటు పోతోందో మీకే తెలుస్తుంది, ఆ దారిలో మైకు లేకుండా చూసుకోండి.

ప్రశ్న: బ్లూటూత్ ఇయర్‌బడ్స్ ఖరీదైనవే ఉన్నాయి. వాటి మైకుతో రికార్డు చేస్తే పోదా? (ఒక పాఠకుడు, అనంతపురం)

జవాబు: ఫోను మాట్లాడ్డానికి చాలు, రికార్డింగ్‌కి వద్దు. ఇయర్‌బడ్స్‌లో మైకు తెరవగానే బ్లూటూత్ పాటలు వినే పద్ధతి నుంచి ఫోన్ కాల్ పద్ధతిలోకి దిగిపోవడం మామూలు, అందుకే మైకు ఆన్ చేయగానే మీకు వినపడే పాట కూడా ఒక్కసారిగా రేకు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది. గమనించే ఉంటారు. మీ ఫోనునే పుస్తకాల దొంతర మీద జానెడు దూరంలో పెట్టి రికార్డు చేసినా ఇంతకన్నా బాగుంటుంది.

ప్రశ్న: సార్, చార్జర్ పెట్టి రికార్డు చేస్తే వెనకాల 'గుయ్' అని సన్నగా వినిపిస్తోంది. చార్జర్ తీస్తే పోతోంది. ల్యాప్‌టాప్ అంచు ముట్టుకున్నా తగ్గుతోంది, ఒక్కోసారి వేలికి జివ్వుమంటోంది కూడా. మైకు మార్చాలా, ల్యాప్‌టాప్ మార్చాలా అని టెన్షన్‌గా ఉంది. (డిగ్రీ విద్యార్థి, గుంటూరు)

జవాబు: నువ్వు కనిపెట్టిందే అసలు జబ్బు, సగం పని చేసేశావు. నాకు ఇదే తెలుసుకోవడానికి రెండు రోజులు పట్టింది. మా ఇంట్లో ఒక పద్యం రికార్డు చేస్తూ ఇదే గుయ్యి వినిపిస్తే వైరు మార్చాను, ఇంకొకరి దగ్గర మైకు అరువు తెచ్చాను, సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్ళీ వేశాను. రెండో రోజు సాయంత్రం కరెంటు పోయింది. ఫ్యాన్ ఆగింది, హెడ్‌ఫోన్‌లో గుయ్యి కూడా ఠక్కున ఆగింది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తోంది. చీకట్లో కూర్చుని నవ్వుకున్నాను.

మన కరెంటు సెకనుకి 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది, ఆ ఊపే ఈ గుయ్యి. చార్జర్ లోపల ఉండే చిన్న కెపాసిటర్ గుండా కాస్త కరెంటు ల్యాప్‌టాప్ బాడీకి జారుతుంది. చాలా కొద్దే. ఎర్త్ సరిగ్గా ఉంటే నేలలోకి పోతుంది. రెండు పిన్నుల చార్జరైతే దానికి దారే లేదు, మూడు పిన్నులదైనా గోడ ప్లగ్గులో పై పెద్ద కన్నానికి వెనక వైరే లేని ఇళ్ళు మన దగ్గర ఎన్నో. అప్పుడు ఆ కరెంటుకి దొరికిన దారి మైకు వైరు గ్రౌండు, లేకపోతే నీ వేలు. జివ్వుమనడం దానివల్లే.

కాబట్టి ముందు బ్యాటరీ నిండా ఎక్కించుకుని, చార్జర్ తీసేసి రికార్డు చెయ్యి. ఇది ఈరోజే చేసే పని. రెండోది, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ చూపించండి, సొంతిల్లయితే ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉంటుంది, నీళ్ళు పోసి ఏళ్ళయ్యుంటుంది. మూడో పిన్ను విరగ్గొడితే గుయ్యి పోతుందని ఎవరైనా చెబితే వినొద్దు, పోయినా పోతుంది గానీ ప్రాణం మీదికొస్తుంది. ల్యాప్‌టాప్, స్పీకర్లు, ఇంటర్‌ఫేస్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టు. మైకు వైరు చార్జర్ వైరుతో జంటగా పడుకోబెట్టొద్దు, దాటాల్సొస్తే అడ్డంగా దాటించు.

బ్యాటరీ మీద కూడా చప్పుడుంటే అది వేరే దొంగ: ఫ్యాన్ రెగ్యులేటరు, చౌక ఇన్వర్టరు, లేకపోతే బల్ల మీద పెట్టిన ఫోను. ఒక్కోటీ ఆపుతూ విను.

ప్రశ్న: సెట్టింగ్స్‌లో మైకు కనిపిస్తుంది, మాట్లాడితే గీత కదులుతుంది, రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో మాత్రం గీత నిద్రపోతోంది. (ఒక పాఠకురాలు, ఖమ్మం)

జవాబు: విండోస్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద మైక్రోఫోన్ తెరిచి, డెస్క్‌టాప్ యాప్‌లకి అనుమతి ఉందో లేదో చూడండి. ఉంటే సాఫ్ట్‌వేర్ లోపల కూడా ఏ మైకు వాడాలో విడిగా ఎంచుకోవాలి, మైకు పెట్టకముందే సాఫ్ట్‌వేర్ తెరిచి ఉంటే దానికి కొత్త మైకు కనపడకపోవచ్చు, మూసి తెరవండి. ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితం, మీ పనికి చాలు. లెవెల్ మాత్రం గట్టిగా మాట్లాడినప్పుడు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా పెట్టుకోండి, సున్నా తాకితే గొంతు చీరుకుపోతుంది, చీరుకుపోయిందాన్ని ఎవరూ కుట్టలేరు. రికార్డు నొక్కగానే ఐదు సెకన్లు నోరు మూసుకుని ఊరుకోండి. ఆ నిశ్శబ్దాన్ని చూపించి నాయిస్ రిడక్షన్‌తో గది చప్పుడు తగ్గించుకోవచ్చు. కాస్తే తగ్గించండి, ఎక్కువ చేస్తే గొంతు నీళ్ళలో మునిగినట్టవుతుంది.

ప్రశ్న: డాలస్‌లో ఉంటాం. మా అమ్మాయి రాజమండ్రిలో ఉన్న గురువుగారి దగ్గర వీడియోలో సంగీతం నేర్చుకుంటోంది. మంచి మైకు, ఇంటర్‌ఫేస్ కొన్నాం. అయినా గురువుగారికి మా తంబుర వినపడటం లేదట, పాట మధ్య మధ్యలో తెగిపోతోందట. ఇక్కడ తన గొంతు తనకే హెడ్‌ఫోన్‌లో ఆలస్యంగా వినపడి శ్రుతి తప్పుతోంది. (ఒక తల్లి)

జవాబు: మూడు బాధలు, మూడింటికీ కారణాలు వేరు.

తంబుర పోవడం మైకు తప్పు కాదు. వీడియో కాల్ యాప్‌లు మాటల కోసం చేసినవి, ఆగకుండా ఒకేలా మోగే శబ్దమేదైనా ఫ్యాన్ చప్పుడో ఏసీ చప్పుడో అనుకుని తుడిచేస్తాయి. పాపం తంబుర చేసే పనే ఆగకుండా ఒకేలా మోగడం! పొడుగ్గా పట్టిన 'స' కూడా అందుకే మధ్యలో సన్నబడిపోతుంది. యాప్ ఆడియో సెట్టింగ్స్‌లో ఒరిజినల్ సౌండ్ అనో మ్యూజిక్ మోడ్ అనో ఉంటే అది వేయండి, నాయిస్ సప్రెషన్ ఆపేయండి. ఆ తర్వాత హెడ్‌ఫోన్ తప్పనిసరి, లేదంటే గురువుగారి గొంతు మీ స్పీకర్‌లోంచి మళ్ళీ మైకులోకి వెళ్ళి ఆయనకే తిరిగి వినిపిస్తుంది.

తన గొంతు ఆలస్యంగా వినపడేది కంప్యూటర్ దాకా వెళ్ళి తిరిగొస్తోంది కాబట్టి. ఇంటర్‌ఫేస్ మీద డైరెక్ట్ మానిటర్ అని మీటో బటనో ఉంటుంది, అది నొక్కితే గొంతు కంప్యూటర్‌కి వెళ్ళకుండానే హెడ్‌ఫోన్‌కి వచ్చేస్తుంది, సాఫ్ట్‌వేర్‌లో మానిటర్ (గొంతు తిరిగి వినిపించే ఆప్షన్) ఆపేయండి, లేకపోతే రెండు గొంతులు వినిపిస్తాయి. సాఫ్ట్‌వేర్ గుండానే వినాలంటే ఇంటర్‌ఫేస్‌తో వచ్చిన ఆసియో డ్రైవరు (ఆలస్యం తగ్గించే సాఫ్ట్‌వేర్) వేసుకుని బఫర్, అంటే శబ్దాన్ని కాసేపు పోగేసి పంపే తొట్టి, తగ్గించాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 256 శాంపిళ్ళ బఫరంటే 5 మిల్లీసెకన్ల పైచిలుకు, వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. మరీ తగ్గిస్తే టకటకమని తెగుతుంది.

ఇక గురువుగారితో కలిసి తాళం వేస్తూ పాడటం అంటారా, అది ఏ మైకు కొన్నా కుదరదు. డాలస్ నుంచి ఇక్కడికి 14,000 కిలోమీటర్ల పైచిలుకు, గాజు తీగలో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుందనుకున్నా ఒకవైపుకే 70 మిల్లీసెకన్లు కావాలి, అసలు పట్టేది ఇంతకన్నా ఎక్కువే. మొదటి కాలంలో సరళీ వరసలు ఎలాగో నెట్టుకొస్తారేమో, మూడో కాలంలో ఆయన ఒక అక్షరం మీద ఉంటే అమ్మాయి ఇంకో అక్షరం మీద ఉంటుంది. ఆయన పాడి ఆపాక ఈమె పాడటమే దారి. ఇంటి పాఠం మాత్రం అక్కడ శుభ్రంగా రికార్డు చేసి ఫైలు పంపండి, గురువుగారు గమకాలు అందులోనే సరిగ్గా వింటారు.

ప్రశ్న: గది గోడలకి కోడిగుడ్ల అట్టలు అతికిస్తే ప్రతిధ్వని పోతుందంటున్నారు. అంటించమంటారా? (ఒక పాఠకుడు, నెల్లూరు)

జవాబు: అంటించకండి. ఆ అట్ట మరీ పల్చన, శబ్దాన్ని పీల్చుకునేంత సత్తా దానికి లేదు, పైగా నిప్పురవ్వ పడితే గోడంతా అంటుకుంటుంది. బయటి చప్పుడునైతే అసలే ఆపదు. గది మధ్యలో నిలబడి ఒక్క చప్పట్లు కొట్టండి, 'ఠణ్' మని సాగితే గోడలు, గచ్చు నేల, గాజు కిటికీ కలిసి మీ గొంతుని తిరగ్గొడుతున్నట్టు. ఇంట్లో ఉన్నవాటితోనే పని జరుగుతుంది: బట్టల బీరువా తలుపులు బార్లా తెరిచి దానికి ఎదురుగా కూర్చోండి, మీ వీపు వెనక దండెం కట్టి బొంతో రగ్గో వేలాడదీయండి, కింద పరుపు పరవండి. మళ్ళీ చప్పట్లు కొట్టి చూడండి. మా ఇంట్లో పనికొచ్చే వేళ తెల్లవారుజాము నాలుగున్నర నుంచి ఐదున్నర, ఆ తర్వాత మోటారు వేస్తారు, పాలబండి వస్తుంది, ఎదురింటి కుక్కర్ మొదలవుతుంది. నాలుగో కూతకి నేను మైకు సర్దేస్తాను.